ఆదివారం చదువు: యాకోబు పత్రిక 2వ అధ్యాయం

అందరికీ ప్రభువు పేరిట వందనాలు.

ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకు చర్చి హాల్లోనే కలుద్దాం. ఈసారి బైబిల్లోని యాకోబు పత్రిక, అంటే యాకోబు రాసిన ఉత్తరం, 2వ అధ్యాయం. ఉన్నవి 26 వచనాలే, కాబట్టి టైం దొరకలేదనే మాట చెల్లదు!

ఒకసారి పైకి చదవండి. తర్వాత ఫోన్ పక్కన పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. మనసు ఎక్కడ ఆగిందో నోటుబుక్కులో రాసుకోండి. యూట్యూబ్ ప్రసంగాలు ఆ తర్వాతే. ముందే వింటే వాళ్ల ఆలోచనే మనదైపోతుంది.

15, 16 వచనాల దగ్గర ఇంకాస్త ఆగండి. బట్టా తిండీ లేనివాళ్లకు ఏమీ ఇవ్వకుండా, క్షేమంగా వెళ్లిరమ్మంటే ఏం లాభమని యాకోబు అడుగుతాడు. "ప్రార్థిస్తాం బ్రదర్" అని చేతులు జోడించిన బొమ్మ పెట్టి వదిలేసే గ్రూపులకు ఇది గట్టిగానే తగిలే ప్రశ్న.

అందుకే చర్చ అయ్యాక ఒక పని కూడా అనుకుందాం. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్లే పెద్దవాళ్లలో కొందరికి తోడు ఉండదు. క్యూలో నిలబడడానికి, స్కాన్ గది వెతకడానికి పక్కన ఒక మనిషుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. నెలకు ఒక్కరోజు వెళ్లగలిగినవాళ్లు శనివారం లోపు ఇక్కడే పేరు, వీలయ్యే రోజు రాయండి. తమిళం వచ్చినవాళ్లు తప్పకుండా చెప్పండి. రోగుల పేర్లు, రిపోర్టులు మాత్రం గ్రూపులో పెట్టొద్దు.

బైబిలు, నోటుబుక్కు, కళ్లజోడు మర్చిపోకండి. టీ ఉంటుంది, బిస్కెట్లు ఈసారి యూత్ వంతు. బండి లేనివాళ్లు ముందే చెప్తే ఎవరో ఒకరు ఎక్కించుకొస్తారు.