రైఫిల్ ధరకు వయసు కాదు, బ్యారెల్ ఆయుష్షు ఆధారం

సంపాదకులకు నమస్కారం.

వాడిన వస్తువు అమ్మేటప్పుడు చాలామంది ఒకటే లెక్క వేస్తారు: కొన్న ధరలోంచి ఏడాదికి ఇంత అని తరుగు తీసేయడం. బండికీ ఫ్రిజ్‌కీ అది కొంతవరకు సరిపోవచ్చు. రైఫిల్‌కు సరిపోదు. 20 ఏళ్లు పొడి బీరువాలో ఉండి 200 తూటాలు కూడా కాల్చని రైఫిల్, మూడేళ్లలో 3,000 తూటాలు కాల్చిన రైఫిల్ కన్నా ఎక్కువ విలువ చేస్తుంది. దాన్ని పాడుచేసేవి మూడు: కాల్పులు, తేమ, చేతకాని మరమ్మతు. మూడింటినీ చూసి కొలవవచ్చు. అయినా నోటికొచ్చిన ధర చెప్పి అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ నష్టపోతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఆధార ధర తేలాలి. అదే మోడల్, అదే క్యాలిబర్ (తూటా కొలత) కొత్తది ఇవాళ ఎంత ఉందో చూడాలి. కొన్నప్పటి బిల్లుతో పనిలేదు. ఆ మోడల్ తయారీ ఆగిపోయి ఉంటే ఈమధ్య నిజంగా చేతులు మారిన ధరలు వెతకాలి. ప్రకటనలో అడిగే ధర అమ్ముడైన ధర కాదు. నెలల తరబడి కదలని ప్రకటన ఏదైనా చెబుతుందంటే, ఆ ధరకు ఎవరూ ముందుకు రాలేదనే చెబుతుంది. ఐదారు అమ్మకాల వివరాలు దొరికితే వరసగా పేర్చి నడిమి ధర తీసుకోండి. సగటు తీస్తే ఒక్క వింత అమ్మకం లెక్కనంతా తనవైపు లాగేస్తుంది.

ఇక అసలు సంగతి బ్యారెల్, అంటే తూటా దూసుకెళ్లే గొట్టం. మ్యాగజైన్ తీసి, తూటా గదిని మూసే బోల్ట్ వెనక్కి లాగి, ఆ గది ఖాళీగా ఉందని కంటితో చూసి వేలితో తడిమిన తర్వాతే ఏ పరీక్షైనా. తర్వాత బోల్ట్ బయటికి తీసి, రాగిని కరిగించే ద్రావకంతో లోపల శుభ్రం చేయాలి. మొదట్లో గుడ్డపీలిక నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో బయటికొస్తుంది. తెల్లగా వచ్చేదాకా ఆపకూడదు. తూటాల మీది రాగి లోపలి గుంటల్లో పేరుకుని తుప్పు మచ్చల్ని కప్పేస్తుంది. శుభ్రం చేయకుండా చూసిన బ్యారెల్ నునుపుగానే కనిపించి మోసం చేస్తుంది.

ముందుగా చూడాల్సింది తూటా గది దాటాక, తూటాను తిప్పే మెలి గాడులు మొదలయ్యే చోటు. దాన్ని త్రోట్ అంటారు. మందు మంట వేడంతా మొదట తగిలేది అక్కడే. బోర్‌స్కోప్‌తో (గొట్టంలోకి దూర్చి చూసే సన్నటి పరికరంతో) చూస్తే బాగా కాల్చిన బ్యారెల్‌లో ఆ భాగం ఎండాకాలం చెరువు అడుగులా బీటలు వారి ఉంటుంది. కొద్దిపాటి బీటలకే కంగారు పడనక్కర్లేదు, పని చేసిన బ్యారెల్ అన్నాక అవి ఉంటాయి. గాడుల అంచులే అరిగిపోయి, బీటలు ముందుకు పాకుతుంటే ఆయుష్షు చివరికొచ్చిందని అర్థం.

ఆ ఆయుష్షు క్యాలిబర్‌ను బట్టి మారుతుంది. .22 లాంగ్ రైఫిల్‌లో పీడనం తక్కువ, తూటా మెత్తటి సీసం, కాబట్టి బ్యారెల్ పదుల వేల కాల్పులు తట్టుకుంటుంది. .308 విన్‌చెస్టర్ సుమారు 5,000 కాల్పుల దాకా మంచి గురి నిలుపుకుంటుంది. 1955లో వచ్చిన .243 విన్‌చెస్టర్ ఆ .308 తూటా ఇత్తడి తొడుగుకే మూతి కుదించి చేసినది. దాదాపు అంతే మందు ఇంకా సన్నటి గొట్టంలోంచి దూసుకెళ్లాలి. అందుకే దాని త్రోట్ 1,500 నుంచి 2,500 కాల్పుల మధ్యే అరుగుతుంది. వేడి చల్లారనివ్వకుండా వరసగా కాలిస్తే ఏ క్యాలిబర్‌లోనైనా ఈ అంకెలు పడిపోతాయి.

దీన్ని ధరలోకి మార్చడం తేలిక. కొత్త రైఫిల్ ధరను 100 పాళ్లు అనుకుందాం. కొత్త బ్యారెల్, దానికి మరలు కోయడం, తూటా గది తొలచడం, బిగించి సరిచూడడం, అన్నిటి ఖర్చూ కలిపి 40 పాళ్లు అయిందనుకుందాం. .308 రైఫిల్ 2,000 కాల్పులు చూస్తే ఆయుష్షులో ఐదింట రెండు వంతులు పోయింది, కోత 16 పాళ్లు. .243 రైఫిల్ ఆయుష్షు 2,000 అనుకుంటే, 1,600 కాల్పులకే ఐదింట నాలుగు వంతులు పోయాయి, కోత 32. తక్కువ కాల్చినదానికి రెట్టింపు కోత! కాల్పుల లెక్క రాసుకోని అమ్మకందారు, బోర్‌స్కోప్ ఫొటోలు కూడా చూపించలేకపోతే, సగం ఆయుష్షు అయిపోయినట్టు ఒప్పుకోవడమే న్యాయమని నా ఉద్దేశం.

బ్యారెల్ మూతి అంచు మీద చిన్న నొక్కు ఉన్నా గురి చెదురుతుంది. తూటా బయటపడే క్షణంలో వెనకనుంచి వచ్చే వాయువు ఒకపక్క ముందుగా తప్పించుకుని దాన్ని పక్కకు నెడుతుంది. మూతివైపునుంచి కడ్డీ దూర్చి శుభ్రం చేసే అలవాటున్న రైఫిళ్లలో అక్కడి గాడులు అరిగిపోతాయి కూడా. చాలాసార్లు మూతిని కొద్దిగా కోసి కొత్త అంచు తీస్తే సరిపోతుంది, కాబట్టి ఆ కూలి మాత్రమే తగ్గించండి. తుప్పు సంగతి అలా కాదు. పాత సైనిక తూటాలు చాలావాటి ప్రైమర్లలో (మందును అంటించే చిన్న మూతల్లో) పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక మిగిలే ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని గాడుల్ని తినేస్తుంది. నూనె ఆ ఉప్పును కరిగించదు. నీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాత నూనె రాయాలి. ఇది తెలియక నూనె మాత్రమే పూసి దాచిన రైఫిళ్లు ఎన్నో పాడయ్యాయి.

రైఫిల్ కొయ్యను, అంటే బ్యారెల్ కూర్చునే, భుజానికి ఆనే భాగాన్ని, విడదీసి చూడకుండా ధర చెప్పొద్దు. బ్యారెల్ అడుగు భాగం, కొయ్యలో దాగిన చోట, తుప్పుకు ఇష్టమైన చోటు. పిడి సన్నబడే దగ్గరా, వెనక మర చుట్టూ, కుదుపును ఆపే లగ్ ఆనే చోటా వెంట్రుకవాసి పగుళ్లు దాక్కుంటాయి.

హెడ్‌స్పేస్‌ను, అంటే మూసిన బోల్ట్ ముఖానికీ తూటా గదిలో తొడుగు ఆనే చోటుకూ మధ్య దూరాన్ని, గేజ్‌లతో (కొలత దిమ్మెలతో) చూపిస్తే కొనేవారికి ధైర్యం వస్తుంది. .308కి గో గేజ్ 1.630 అంగుళాలు, నో-గో 1.634. గో మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు. 1.638 ఉన్న ఫీల్డ్ గేజ్ మీద కూడా మూసుకుంటే ఆ రైఫిల్‌ను కాల్చకూడదు, దాని ధర విడిభాగాల ధరే. సేఫ్టీని కూడా ఖాళీ రైఫిల్‌తోనే చూడాలి: వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదిలి, తర్వాత సేఫ్టీ తీయాలి. తీయగానే లోపలి పిన్ను దానంతటదే పడితే మరమ్మతు చేయించకుండా అమ్మకానికి పెట్టొద్దు.

స్కోప్, మార్చిన ట్రిగ్గర్, ఖరీదైన కొయ్య, వీటికి పెట్టిన డబ్బు రైఫిల్‌తోపాటు తిరిగిరాదు. కొనేవాడి అభిరుచి వేరు. అసలు భాగాలు దాచి ఉంటే వాటిని మళ్లీ బిగించి, మిగతావి విడిగా అమ్మితే మొత్తం మీద ఎక్కువ వస్తుంది.

పైలెక్కలన్నీ తలకిందులయ్యేది సేకరణకర్తల దగ్గర. 1936లో వచ్చిన విన్‌చెస్టర్ మోడల్ 70ని 1964లో మార్చారు. ఆ మార్పుకు ముందువాటికి వాళ్లు ఎక్కువ ఇస్తారు. అలాంటివాటిమీద అరిగిన నీలిపూతే విలువ. మెరుగు పెట్టి కొత్త పూత వేయిస్తే విలువ పడిపోతుంది, మళ్లీ లేవదు. బోల్ట్ మీదా రిసీవర్ (బోల్ట్ కదిలే చట్రం) మీదా అంకెలు వేసిన పాత సైనిక రైఫిళ్లలో అవి కలవకపోయినా అంతే. అనుమానముంటే తుడవడం కూడా మానేసి తెలిసినవారికి చూపించండి.

ఆ .308 రైఫిల్ ఉదాహరణ లెక్క ముగిద్దాం. 100లోంచి, వారంటీ లేని పాత వస్తువు కాబట్టి 15, బ్యారెల్‌కు 16, కొయ్య పగులు అతికించడానికి 3 తీస్తే 66. బేరానికి మూడు నాలుగు పాళ్లు కలిపి అడగవచ్చు. ఈ 66 నడిమి అమ్మకపు ధరకు బాగా దూరంగా ఉంటే అమ్మకపు ధరనే నమ్మండి. ఆ క్యాలిబర్ తూటాలు దొరకడం కష్టమైందేమో, మోడల్‌కు గిరాకీ తగ్గిందేమో వెతకండి. డీలర్ ఇంతకన్నా తక్కువే ఇస్తాడు. సరుకు అమ్ముడయ్యేదాకా పెట్టుబడి అతనిదే, కాబట్టి అది మోసం కాదు. అతని ధరను నేరుగా అమ్మే ధరతో పోల్చకూడదు.

చట్టం అనుమతించిన కొనుగోలుదారుకే, చట్టం చెప్పిన దారిలోనే అమ్మకం జరగాలి. బదిలీ కాగితాల ఖర్చు ఎవరిదో బేరానికి ముందే తేల్చుకోండి. ప్రకటనలో "మంచి కండిషన్" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. కాల్పుల సంఖ్య, త్రోట్ ఫొటో, మూతి ఫొటో, ప్రతి పగులూ మచ్చా దగ్గరనుంచి తీసిన ఫొటోలు ఉండాలి. 100 మీటర్ల దూరంలో ఐదేసి తూటాలతో కాల్చిన మూడు లక్ష్యపు కాగితాలు, వాడిన తూటాల పేరుతో సహా జతచేయండి. తూటాల గుంపు వెడల్పును కొలిచే ఎంఓఏ (డిగ్రీలో 60వ వంతు కోణం) ఆ దూరంలో 29 మిల్లీమీటర్లు. మూడు తూటాల గుంపు అదృష్టం కొద్దీ చిన్నగా పడుతుంది, దాన్ని చూపించి ధర అడగొద్దు.

ఇట్లు,
తుపాకుల మరమ్మతు తెలిసిన ఒక పాఠకుడు