ఈ ఏడాది మన పిల్లలు తాపీ పట్టారు: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

చదువు మధ్యలో ఆగిపోయి ఏం చేయాలో తెలియక తిరుగుతున్న మన పిల్లలకు కట్టుబడి పని నేర్పించి, చుట్టుపక్కల సైట్లలోనే పనిలో పెట్టించాలని పోయిన సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం కదా. అది ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ తప్పు చేశామో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. జమాఖర్చుల పత్రం కోశాధికారి సమావేశంలో చదివి వినిపిస్తారు, ఆ లెక్కల్లోకి ఇక్కడ వెళ్లను.

ముందు తప్పు సంగతి చెప్పేస్తాను. మొదటి బ్యాచ్‌కి క్లాసులు అవ్వగానే ఒక కాంట్రాక్టర్ "అందర్నీ నా సైట్‌కి పంపించేయండి" అంటే మనం సంబరపడిపోయి పంపేశాం, కాగితం మీద ఒక్క మాట కూడా రాయించుకోలేదు. నెలన్నర తర్వాత వెళ్లి చూస్తే పిల్లలంతా ఇసుక జల్లెడ పడుతూ, ఇటుకలు మోస్తూ కనిపించారు. ఒక్కరి చేతికీ తాపీ ఇవ్వలేదు. మోత పని తక్కువదని నేను అనను, అది చేయకుండా ఏ మేస్త్రీ మేస్త్రీ కాలేదు, కానీ నేర్చుకుందామని వచ్చిన పిల్లవాడితో రోజంతా తట్ట మోయించి దానికి ట్రైనింగ్ అని పేరు పెడితే వాడు ఇంకోసారి మన మాట నమ్మడు. ఇద్దరు అప్పుడే మానేశారు. ఇళ్లకు వెళ్లి మాట్లాడితే ఒకరు తిరిగొచ్చారు, ఇంకొకరు రాలేదు.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. పంపే ముందే సైట్ వాళ్లతో కూర్చుని ఒక కాగితం రాసుకుంటున్నాం. పిల్లవాడు ఏ మేస్త్రీ దగ్గర ఉంటాడు, వారంలో ఎన్ని రోజులు అసలు పని మీద చెయ్యి పెడతాడు, కూలి ఏ రోజు ఇస్తారు, హెల్మెట్, బూట్లు ఎవరు కొంటారు, అన్నీ అందులో ఉంటాయి. మేస్త్రీ పేరు చెప్పలేని సైట్‌కి ఎవర్నీ పంపడం లేదు. దీనివల్ల కొన్ని అవకాశాలు పోయాయి, కమిటీలో దీని మీద గట్టిగానే వాదన జరిగింది. అయినా నా అభిప్రాయం మారలేదు, క్లాసులో ఎంత చెప్పినా పిల్లవాడికి పని అబ్బేది పక్కన నిలబడి చెయ్యి పట్టుకుని చూపించే మనిషి ఉన్నప్పుడే.

ఒక్కొక్కరికీ జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఇచ్చాం, పని పుస్తకం అంటున్నాం. సాయంత్రం ఆ రోజు చేసింది రెండు లైన్లు రాయాలి, కింద మేస్త్రీ సంతకం పెట్టాలి. సంతకం రాని ఒక పెద్ద మేస్త్రీ రోజూ మూలమట్టం బొమ్మ గీసి పెట్టారు, పుస్తకమంతా ఆ చిన్న చిన్న మూలమట్టాలే. రెండో సైట్‌కి మారినప్పుడు ఈ పుస్తకమే పిల్లలకు పనికొచ్చింది, "ఏం వచ్చు నీకు" అని అడిగితే చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉంది.

క్లాసుల్లో కాంక్రీటు మీద ఎక్కువ రోజులు పెట్టాం, అది సరైన పనేనని ఇప్పుడు అనిపిస్తోంది. కలపడం తేలికవుతుందని నీళ్లు ఎక్కువ పోయడం అందరికీ అలవాటు, అలా పోసిన ప్రతిసారీ బలం తగ్గుతుందని మాటలతో చెబితే ఎవరి బుర్రకీ ఎక్కదు. అందుకే రెండు రకాలుగా కలిపించి, 150 మిల్లీమీటర్ల క్యూబులు పోయించి, 28 రోజులు నీళ్లలో ఉంచి, పగిలేదాకా మెషీన్‌లో నొక్కించాం. పలచగా కలిపిన క్యూబు ముందే పగిలింది, ఆ చప్పుడు విన్న పిల్లలకు మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. క్యూరింగ్, అంటే పోసిన కాంక్రీటును తడిగా ఉంచడం కూడా అంతే. మామూలు సిమెంటుకి కనీసం ఏడు రోజులు తడి ఆరకూడదు, రెండో రోజే "గట్టిపడింది కదా" అని వదిలేసే అలవాటు మన పిల్లల తరంతోనైనా పోవాలి.

రాడ్ బెండింగ్‌లో చేరిన ఒక అబ్బాయి లెక్కలంటే భయంతోనే బడి మానేశాడు. రాడ్ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దాంతోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుందని మేస్త్రీ చూపించారు. ఇప్పుడు 12 మిల్లీమీటర్ల రాడ్, 12 మీటర్ల పొడవు అంటే సుమారు 10.7 కిలోలని ఠక్కున చెబుతున్నాడు, లారీ దిగిన ఇనుము తూకం సరిపోయిందో లేదో సైట్‌లో ఇతన్నే చూడమంటున్నారు.

తాపీ పనిలో ఉన్న అమ్మాయి గురించి కూడా చెప్పాలి. నేను సైట్‌కి వెళ్లిన రోజు ఆమె కట్టిన గోడ ఛాతీ ఎత్తుకు వచ్చింది. మేస్త్రీ పైనుంచి దారానికి గుండు వేలాడదీస్తే కింద గుండుకీ గోడకీ మధ్య వేలు దూరేంత సందు, అంటే పైకి వచ్చేకొద్దీ గోడ బయటికి వాలింది. ఆయన తిట్టలేదు, ఆమె వేలినే ఆ సందులో పెట్టించారు. ఆమె ఏమీ మాట్లాడకుండా మాలు (ఇటుకల మధ్య వేసే సిమెంటు, ఇసుక ముద్ద) ఇంకా పచ్చిగా ఉండగానే వాలిన వరసలన్నీ విప్పి, ఇటుకలు గీకి, తడిపి, ఈసారి ప్రతి వరసకీ గుండు వేసుకుంటూ మళ్లీ కట్టింది. పొడి ఇటుక మాలులోని నీళ్లు లాగేసుకుంటుందని పక్కన కొత్తగా వచ్చిన కుర్రాడికి ఆమే చెబుతుంటే విన్నాను. అమ్మాయిలు ఈ పనిలో నిలబడతారా అని కిందటేడు అడిగిన సభ్యులు ఒకసారి వెళ్లి ఆ గోడ చూసి రండి.

వయసు విషయంలో మాత్రం ఎవరు అడిగినా కుదరదు. ప్రమాదకరమైన పనులకు కనీస వయసు 18 అని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973 నాటి ఒప్పందంలోనే ఉంది, మనం అదే పాటిస్తున్నాం. "మా వాడు బలంగానే ఉంటాడు" అని తీసుకొచ్చిన తల్లిదండ్రులను వెనక్కి పంపడం కష్టంగానే అనిపించింది, అయినా పంపాం. కట్టుబడి పనిలో ప్రాణాలు పోయేది ఎక్కువగా ఎత్తు నుంచి పడి. అందుకే పరంజా ఎక్కే ముందు ఒక రోజంతా దాని మీదే శిక్షణ. నిచ్చెన నాలుగు మీటర్ల ఎత్తుకు ఆనించితే కింద ఒక మీటరు ఎడం ఉండాలని, పరంజా చెక్కలు కట్టకుండా కాలు పెట్టకూడదని, బెల్టు తొడుక్కుంటే చాలదు, హుక్కు గట్టి చోట తగిలించాలని చేయించి మరీ చూపించాం. పచ్చి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, టైల్స్ పొడిగా కోస్తే లేచే దుమ్ము ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోతుంది, నీళ్లు పోస్తూ కోయాలి. ఈ రెండూ పిల్లలు ఇంకా తేలిగ్గానే తీసుకుంటున్నారు, ఇక్కడ మన పని మిగిలే ఉంది.

ప్లంబింగ్, ఎలక్ట్రికల్ బ్యాచ్‌లు నేర్పేవాళ్లు దొరక్క మొదలుపెట్టలేకపోయాం.

వచ్చే ఏడాదికి సభ్యుల నుంచి కావాల్సినవి ఇవి. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు మీ మేస్త్రీతో మాట్లాడి ఒక్కరినైనా పెట్టించుకోండి. వాడకుండా పడి ఉన్న రసమట్టాలు, తాపీలు ఉంటే ఇవ్వండి. రిటైరైన మేస్త్రీలు మీ బంధువుల్లో ఉంటే వారానికి ఒక్క పూట వచ్చి కూర్చున్నా చాలు. కొత్త బ్యాచ్‌కి పేర్లు కార్యదర్శి దగ్గర రాయించండి. మానేసి తిరిగి రాని ఆ అబ్బాయి పేరు మాత్రం మేమే మొదట రాసి ఉంచాం, ఈ వారం మళ్లీ వాళ్లింటికి వెళ్తున్నాం.