టైల్స్ కింద ఏముందో చూశాను మామా

మామా,

నీ బాత్‌రూమ్ గోడకి అవతలివైపు రంగు ఉబ్బి పెచ్చులు ఊడుతోందనీ, ఎవరో వచ్చి చూసి జాయింట్లు గీకి మళ్లీ గ్రౌట్ (టైల్స్ మధ్య సందుల్లో నింపే ముద్ద) పెడితే చాలన్నారనీ రాశావు కదా. ఆగు. అడ్వాన్స్ ఇవ్వకు. ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు. మాకూ మొదట అదే చెప్పారు. అది ఎందుకు పనిచేయదో టైల్స్ లేపించి కళ్లారా చూశాను.

మాది చూడ్డానికి ఏ లోటూ ఉండేది కాదు రా. ఫొటో తీస్తే షోరూమే. స్నానం చేస్తే తెలిసేది అసలు రంగు. నీళ్లు బయటికి పోయే జాలీ వైపు వెళ్లకుండా ఎదురు మూలకి పోయి తిష్ఠ వేసేవి. వైపర్‌తో తోసినా కాసేపటికి మెల్లగా వెనక్కొచ్చేసేవి. తలుపు దగ్గర రెండు టైల్స్ ఎత్తుపల్లాలు, అర్ధరాత్రి లేచి వెళ్తే బొటనవేలు తగలాల్సిందే. జాయింట్లలోంచి పొడి రాలేది. పడగ్గదిలో బీరువా జరిపి చూస్తే గోడంతా నెమ్ము. టైల్స్ వేసినతన్ని పిలిచి, తట్టి డొల్ల శబ్దం వినిపిస్తే "టైలన్నాక ఆమాత్రం సౌండ్ రాదా సార్" అన్నాడు. ఓ ప్యాకెట్ గ్రౌట్ కలిపి పైపైన పూసి వెళ్లిపోయాడు. తర్వాత ఫోనెత్తితే ఒట్టు. అతని గురించి ఇంక రాయను, నా బీపీకి మంచిది కాదు.

ఈసారి వచ్చిన మేస్త్రి పెద్దాయన, మాట తక్కువ. జేబులోంచి నాణెం తీసి ఒక్కో టైల్‌నీ నాలుగు మూలలా, మధ్యలోనూ తట్టుకుంటూ పోయాడు. గట్టిగా పట్టుకున్న టైల్ 'టక్' మంటుంది, డొల్లది 'డబ్' మంటుంది. 'డబ్' మన్న చోటల్లా పెన్సిల్‌తో ఇంటూ మార్కు. నేలలో సగానికి పైగా ఇంటూలే. ఆ తర్వాత మా వాడి గోళీకాయ ఒకటి తీసుకుని జాలీ పక్కన పెట్టి వదిలాడు. అది నింపాదిగా దొర్లుకుంటూ కమోడ్ వెనక్కి పోయింది. "వాటం ఉల్టా ఉంది బాబూ" అన్నాడు, అంటే నేల వాలు తిరగబడిందని. అంతే, ఇంకో మాట లేదు.

అయినా వెంటనే సుత్తి ఎత్తలేదాయన. నెమ్ము కొళాయి పైపుదా, నేలదా, డ్రైనేజీదా ముందు తేల్చాలన్నాడు. ఇది నువ్వూ చేసి చూడు, పైసా ఖర్చు లేదు. రాత్రి ఇంట్లో కొళాయిలన్నీ కట్టేసి మీటర్ చూడు. అన్నీ కట్టేసినా ముల్లు కదులుతోందంటే ఎక్కడో పైపు కారుతున్నట్టే, టైల్స్ జోలికి పోకుండా ముందు ప్లంబర్ని పిలువు. ముల్లు కదలకపోతే జాలీకి గుడ్డ కుక్కి గట్టిగా మూసేసి, నేల మీద ఒక అంగుళం నీళ్లు నిలబెట్టి, గోడ మీద పెన్సిల్ గీత పెట్టి 24 గంటలు వదిలెయ్. పక్కనే ఒక గిన్నెలో నీళ్లు పోసి అందులోనూ గీత పెట్టుకో. ఆవిరై ఎంత పోయిందో, ఇంకిపోయి ఎంత తగ్గిందో అప్పుడు తేడా తెలుస్తుంది. నేల మీద నీళ్లు గిన్నెలోకంటే బాగా తగ్గితే దోషం నేలదే. తగ్గకుండా ఉండి, గుడ్డ తీసి నీళ్లు వదిలాక అవతల గోడ తడిస్తే మాత్రం జాలీ కింద పైపు అతుకు చూడాలి. మాది నేలే. గీత కింద వేలి మందాన జాగా తేలింది.

ఇక మొదటి టైల్ లేపినప్పుడు నువ్వు పక్కన ఉండాల్సింది. ఉలి మొన అంచుకింద దూర్చి ఇలా అన్నాడో లేదో, టైల్ మొత్తం పగలకుండా చేతికొచ్చేసింది. కింద చూస్తే నాలుగు మూలలా నాలుగు మాలు (సిమెంటు, ఇసుక కలిపింది) ముద్దలు, మధ్యలో ఒకటి. వాటి మధ్య అంతా ఖాళీ, ఆ ఖాళీలో నల్లటి నీళ్లు. ముక్కు మూసుకున్నాం. టైల్ తిప్పి చూపించాడు. వెనక అచ్చుపోసిన కంపెనీ అక్షరాలు, గాట్లు అన్నీ అప్పుడే డబ్బాలోంచి తీసినట్టు ఉన్నాయి. ఇన్నాళ్లూ అది అతుక్కోలేదు మామా, ఊరికే కూర్చుంది!

ఎందుకంటే, గోడలకి వేసే మామూలు సిరామిక్ టైల్ నీళ్లు బాగా పీలుస్తుంది, దాని బరువులో 10 శాతం పైనే. అందుకే పాతకాలం మేస్త్రీలు నానబెట్టి సిమెంటుతో వేసేవారు. పీల్చుకునే గుణం ఉంది కాబట్టి సిమెంటు దానిలోకి వేళ్లూనేది. ఇప్పుడు మనం నేలకి వేసే విట్రిఫైడ్ టైల్ పీల్చేది అర శాతం కూడా ఉండదు. దాని వెనక ఉత్త సిమెంటు మాలు పెడితే దానికి పట్టు దొరకదు. దానికి పాలిమర్ కలిసిన టైల్ గమ్ కావాలి, అదీ ముద్దలుగా కాదు, పళ్ల తాపీతో గీసి వీపంతా పట్టేలా. తడి చోట కనీసం 95 శాతం పట్టాలన్నది లెక్క.

గ్రౌట్ సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తా. సిమెంటు గ్రౌట్ నీళ్లని ఆపదు. ఎంత బాగా పూసినా చెమ్మ దిగుతూనే ఉంటుంది. ఎపాక్సీ గ్రౌట్ అయితే నీళ్లు పీల్చదు, మరకలు పట్టదు, నిజమే. కానీ అదీ జాయింటు వరకే. నీళ్లని ఆపాల్సింది టైల్ కింద ఉండే వాటర్‌ప్రూఫింగ్ పొర. మాకు ఆ పొరే వేయలేదు. నీకు చెప్పిన గ్రౌట్ పని, పుచ్చిన పన్ను మీద పేస్టు రాయడమే.

మధ్యలో మా బామ్మర్ది సలహా ఒకటి: పగలగొట్టడం ఎందుకు, టైల్ మీద టైల్ వేసెయ్యండి బావా అని. కిందవి గట్టిగా ఉండి, వాటం సరిగ్గా ఉంటే అలా వేయచ్చు, తప్పేం కాదు. కానీ డొల్ల టైల్ మీద కొత్త టైల్ వేస్తే రెండూ కలిసి ఊడతాయి. పైగా నేల లేచి తలుపుకి తగులుతుంది, నీళ్లు గదిలోకొస్తాయి. వద్దన్నాను.

పగలగొట్టే ముందు ఆయన జాలీ గొట్టంలో గుడ్డ కుక్కాడు. ఇది మర్చిపోకు. ముక్కలు ట్రాప్‌లో, అంటే జాలీ కింద నీళ్లు నిలిచే వంపులో పడితే వాటిని తీయడం టైల్స్ వేయడం కంటే పెద్ద పని. కూలీలకి కళ్లద్దాలు, మాస్కులు ఇవ్వు. గ్రైండర్ నడిచేటప్పుడు నీళ్లు చిలకరించమను, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మహా చెడ్డది. టైల్ పెంకు బ్లేడులా కోస్తుంది, పిల్లల్ని అటు రానివ్వకు.

అసలు పనంతా వాటంలోనే ఉంది. మీటరుకి 10 నుంచి 15 మిల్లీమీటర్ల దిగుడు చాలు. అంతకంటే తక్కువైతే నీళ్లు నిలుస్తాయి, మరీ ఎక్కువైతే కాళ్లు జారతాయి. ఇక్కడో చిక్కుంది. నువ్వు రెండడుగుల పెద్ద టైల్స్ కావాలంటున్నావు. జాలీ మధ్యలో ఉంటే నేల నాలుగు వైపుల నుంచీ దిగాలి, పెద్ద పలక అలా వంగదు. మూల నుంచి మూలకి కోసి వేయాలి, అవి చూడ్డానికి కవరు వెనక మడతల్లా ఉంటాయి. లేదా గోడ వెంట పొడవాటి జాలీ పెట్టి ఒకే వైపు వాటం ఇవ్వాలి. అదీ కాదంటే చిన్న టైల్స్. నన్నడిగితే చిన్నవే మేలు, జాయింట్లు ఎక్కువుంటే కాలికి పట్టు కూడా ఉంటుంది. నిగనిగలాడేవి మాత్రం కొనకు, ఎంత డిస్కౌంటు ఇచ్చినా సరే.

మాలుతో వాటం చేసి, అది బాగా ఆరాక వాటర్‌ప్రూఫింగ్. నేలా గోడా కలిసే మూలల్లో ముందు టేపు అంటించి, తర్వాత బ్రష్‌తో రెండు కోట్లు, మొదటిది నిలువుగా అయితే రెండోది అడ్డంగా. గోడల మీదకి ఓ అడుగు ఎత్తు, షవర్ ఉన్న గోడకి తలదాటి. జాలీ గొట్టం అంచు చుట్టూ ప్రత్యేకంగా చూడు, కారేది అక్కడే ఎక్కువ. కోటు ఆరాక, టైల్ ఒక్కటి కూడా పెట్టకముందే, మళ్లీ 24 గంటలు నీళ్లు నిలబెట్టించు. మేస్త్రి విసుక్కున్నా వినకు. మా పెద్దాయన తనే అడిగి మరీ నిలబెట్టించాడు, అప్పుడే ఆయన మీద నాకు పూర్తి గురి కుదిరింది.

టైల్స్ వేసేటప్పుడు ఎప్పుడైనా అప్పుడే పెట్టిన టైల్ ఒకటి లేపి వీపు చూపించమను. గమ్ అంతటా అంటి ఉండాలి. మా పెద్దాయన నాలుగైదు టైల్స్‌కోసారి అడక్కుండానే లేపి చూసుకునేవాడు. గమ్ పరిచాక మాటల్లో పడి ఆలస్యం చేస్తే పైన చర్మం కడుతుంది. వేలు పెట్టి చూడు, వేలికి అంటకపోతే గీకి పారేయాల్సిందే. గోడకి ఆయన రెండో వరస నుంచి మొదలుపెట్టాడు. కింద చెక్కపట్టీ కొట్టి, రసమట్టం చూసి పైకి వెళ్లాడు. నేల వాలుగా ఉంటుంది కాబట్టి అడుగు వరసని చివర్లో కొలిచి కోసి పెట్టాడు. పాతతను నేల మీద నుంచే ఎక్కించాడు, అందుకే గోడ వరసలన్నీ కమోడ్ వైపు ఒరిగి ఉండేవి.

గ్రౌట్ మర్నాడే పెట్టించు, అదే రోజు వద్దు. నీళ్లు ఎక్కువ కలిపితే ఆరాక పొడిపొడిగా రాలుతుంది. నేలా గోడా కలిసే మూలలో గ్రౌట్ కాదు, సిలికాన్. అక్కడ రెండు తలాలు వేర్వేరుగా కదులుతాయి, గ్రౌట్ అయితే పగులుతుంది.

టైల్స్ కొనేటప్పుడు డబ్బాల మీద షేడ్ నంబరు, సైజు నంబరు అన్నింటికీ ఒకటేనా కాదా చూసుకో. కోతలకి ఓ 10 శాతం ఎక్కువ తీసుకో. మిగిలినవి అటక మీద పెట్టు, రేపు ఒకటి పగిలితే అదే రంగు మళ్లీ దొరకదు.

ముందు ఆ నీళ్ల పరీక్ష చేసి ఏం తేలిందో రాయి. దాంతోపాటు జాలీ ఏ మూలనుందో, తలుపు ఎటు తెరుచుకుంటుందో ఒక కాగితం మీద గీసి పంపు. పెద్దాయనకి చూపించి చిన్న టైల్స్ ఎలా పరచాలో అడిగి చెప్తా.

నీ,
మామ