లోపలి బ్యాటరీ నువ్వే మార్చుకోవచ్చు

మామా,

నీ థింక్‌ప్యాడ్ టీ480 ల్యాప్‌టాప్‌లో బ్యాటరీలు రెండుంటాయి రా. లాచ్ జరిపితే ఊడొచ్చేది ఒకటి, కేసు లోపల దాక్కుని ఉండేది ఇంకోటి. చాలామంది బయటిది కొత్తది కొనేసి, ఛార్జింగ్ ఇంకా నిలవట్లేదని తల పట్టుకుంటారు. అందుకని ముందు ఏది పోయిందో తేల్చుకో. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే విండోలో, బ్యాటరీ రిపోర్ట్ తీస్తే రెండింటికీ డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టే ఛార్జి), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టే ఛార్జి) విడివిడిగా కనబడతాయి. లోపలిది కొత్తలో సుమారు 24 వాట్ అవర్. ఇప్పుడు 12 చూపిస్తోందంటే సగం పోయినట్టే.

కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ పేరు చెప్పి ఊరుకోకు. పాతదాని మీదున్న పార్ట్ నంబరు, వోల్టేజీ కలవాలి. మరీ చవగ్గా దొరికేదాని జోలికి పోకు, లేబుల్ మీద అంకె ఒకటి, లోపల సెల్ ఇంకొకటి ఉంటుంది.

విప్పే ముందు ఛార్జింగ్ 25 శాతం కిందికి దిగనివ్వు. పొరపాటున స్క్రూడ్రైవర్ తగిలినా, నిండుగా ఉన్న లిథియం సెల్ అంత ప్రమాదం ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. అడాప్టర్ పీకేసి, ఆన్ చేస్తూ ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్ళు. కాన్ఫిగ్, అందులో పవర్, అక్కడ డిసేబుల్ బిల్టిన్ బ్యాటరీ. ఎస్ కొట్టగానే ల్యాప్‌టాప్ దానంతటదే ఆగిపోతుంది. దీన్ని మాత్రం దాటెయ్యకు. మామూలుగా షట్‌డౌన్ చేసినా లోపలి బ్యాటరీ నుంచి బోర్డుకి కరెంటు అందుతూనే ఉంటుంది, స్క్రూ ఒకటి జారి పడిందా షార్టే.

తర్వాత బయటి బ్యాటరీ తీసెయ్. వేడి తగ్గేదాకా అయిదు నిమిషాలాగి, స్టీలు బీరువాని ఒకసారి ముట్టుకుని కూర్చో. ఒంట్లో స్టాటిక్ ఉంటే పోతుంది. అడుగు కవరుకి ఆరు స్క్రూలు. అవి వదులవుతాయేగానీ ఊడి రావు, లాగకు. కవరు లోపల ప్లాస్టిక్ కొక్కేలతో పట్టుకుని ఉంటుంది. పాత ఏటీఎం కార్డు అంచు దూర్చి, చుట్టూ కొంచెం కొంచెంగా జరుపుతూ పో. ఇనుప వస్తువు పెడితే కొక్కెం విరుగుతుంది, అంచూ చెక్కుకుపోతుంది.

కవరు వచ్చాక, బ్యాటరీని బోర్డుకి కలిపే కనెక్టర్ని వైర్లు పట్టుకుని లాగకు, ప్లాస్టిక్ తలని పట్టుకుని నెమ్మదిగా కదుపు. కొత్తది పెట్టాక అది పూర్తిగా కూర్చుందో లేదో వేలితో నొక్కి చూడు. బ్యాటరీ కనబడట్లేదని వచ్చే మెసేజ్ చాలాసార్లు దీనివల్లే. పాతది ఉబ్బి ఉంటే పొడవకు, వంచకు, మళ్ళీ ఛార్జింగ్ అసలే పెట్టకు.

మూసేశాక పవర్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. కంగారుపడకు, బయోస్‌లో ఆపేసిన బ్యాటరీ అడాప్టర్ తగిలించేదాకా లేవదు. తగిలించి 100 దాకా నింపి, మళ్ళీ రిపోర్ట్ తియ్యి. సైకిల్ కౌంట్ (ఎన్నిసార్లు నింపి వాడారనే లెక్క) వందల్లో కనిపిస్తే పాత సరుకే అంటగట్టారన్నమాట, వెంటనే వెనక్కిచ్చెయ్.

తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వెయ్యకు. మొనల మీద టేపు అంటించి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వు.

కవరు తీశాక ఎక్కడైనా అనుమానమొస్తే బలవంతం చెయ్యకు, ఫొటో తీసి పంపు.

ఉంటా మరి,
నీ మామ