ఫిర్యాదు: సీసాలో అమ్మిన బ్యాక్టీరియాను మీ కరపత్రమే చెత్తబుట్టలో వేయించింది

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

అయ్యా,

గత జనవరిలో మీ దగ్గర రెండడుగుల అక్వేరియం సెట్టు కొన్నాను. ట్యాంకు, వెనక తగిలించే ఫిల్టరు, ఫిల్టర్లో పెట్టే మూడు కార్ట్రిడ్జ్‌లు, 'మంచి బ్యాక్టీరియా' సీసా ఒకటి వచ్చాయి. బిల్లు కాపీ జత చేస్తున్నాను. వస్తువులు పగల్లేదు, మోటారు ఇప్పటికీ చప్పుడు లేకుండా తిరుగుతోంది. నా ఫిర్యాదు మీ కరపత్రం మీద, ఆ సీసా మీద.

ముందు కరపత్రం. తెలుగులో కూడా ఇచ్చారని సంతోషించాను. అందులో ఇలా ఉంది: "ప్రతి నాలుగు వారాలకు వడపోత ప్రసార మాధ్యమమును పారవేసి కొత్తది అమర్చవలెను. స్పాంజిని కుళాయి ధార క్రింద పూర్తిగా శుభ్రపరచుము." మా నాన్న అది పైకి చదివి, "ప్రసార మాధ్యమమంటే టీవీ కదరా, నెలకోసారి టీవీ మార్చీమంటన్నాడేటి?" అన్నారు. ఆ పూట నవ్వుకున్నాం. 'ఫిల్టర్ మీడియా', అంటే ఫిల్టర్లోని కార్ట్రిడ్జ్, అలా అనువాదమైంది. ఆ సంగతి వదిలేయండి, ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ ఉన్న సూచన కూడా అదే.

మార్చి మొదటి ఆదివారం ఆ సూచన అక్షరాలా పాటించాను. నాలుగో వారంలో మర్చిపోయాను కాబట్టి అప్పటికి ఏడు వారాలు అయింది. ఆ ఏడు వారాలూ తొమ్మిది చేపలు హాయిగా ఉన్నాయి. పాత కార్ట్రిడ్జ్ గోధుమ రంగుకు తిరిగి, వేలితో ముడితే జిగురుగా ఉంది. మురికి అనుకుని పారేశాను. స్పాంజిని మునిసిపాలిటీ కుళాయి కింద పెట్టి, పిండిన నీళ్లు తెల్లగా వచ్చేదాకా కడిగాను. నేను డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్ని. అలాంటి జిగురు బ్యాక్టీరియా కట్టుకున్న పొర అని పదకొండేళ్లుగా తెలిసిన మనిషినే. ఇంట్లో మాత్రం బుర్ర పని చేయలేదు, కాగితం మీద అచ్చేసి ఉంది కదా అని చేసేశాను.

మూడో రోజు పొద్దున లైటు వేసేసరికి చేపలన్నీ పైకి చేరి, ఫిల్టరు నీళ్లు పడే చోట నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా పలచగా తెల్లబారాయి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా 2 పీపీఎం (పది లక్షల భాగాల్లో రెండు) చూపించింది, ఉండాల్సింది సున్నా. మా నీళ్ల పీహెచ్ 7.8, ట్యాంకులో వేడి 30 డిగ్రీలు. ఈ రెండూ పెరిగేకొద్దీ అమ్మోనియాలో చేపకు విషమయ్యే వాటా పెరుగుతుంది. నాలుగు రోజుల్లో ఐదు చేపలు పోయాయి. నాన్నే వాటిని పెరట్లో బీరపాదు మొదట్లో పాతారు.

జరిగింది మీకు తెలియదని నేను అనుకోను. చేపల రెట్టలోంచీ, మొప్పల్లోంచీ, మిగిలిన మేతలోంచీ వచ్చే అమ్మోనియాను నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా నైట్రైట్‌గా, దాన్ని నైట్రోస్పైరా లాంటివి నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి నీళ్లలో తేలుతూ ఉండేవి తక్కువ. స్పాంజి, కార్ట్రిడ్జ్ దూది, గులకరాళ్లు, ఇలా ఆక్సిజన్ అందే చోటల్లా అంటుకుని పెరుగుతాయి. మా ల్యాబ్‌లో పెంచే ఈ-కోలై అనే బ్యాక్టీరియా అన్నీ అనుకూలిస్తే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. వీటికి దాదాపు ఒక రోజు పట్టొచ్చు. అందుకే కొత్త ట్యాంకు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. అంత కష్టపడి కట్టుకున్న కాపురాన్ని ఒక్క పూటలో సగం చెత్తబుట్టలోకి, సగం క్లోరిన్ నీళ్లలోకి పంపించాను. 50 లీటర్ల ట్యాంకులో విషం పలచబడటానికి నీళ్లు కూడా ఎక్కువ ఉండవు.

మీ కార్ట్రిడ్జ్ విప్పి చూశాను. లోపల బొగ్గు, బయట దూది, రెండూ కలిపి ప్లాస్టిక్ చట్రంలో అతికించేశారు. బొగ్గు నెలకో ఎప్పుడో అయిపోతుంది, నిజమే. దాని కోసం బ్యాక్టీరియా ఉన్న దూదిని కూడా పారేయాలా? ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం ఇదే. బొగ్గును విడిగా చిన్న సంచిలో ఇస్తే పదిహేను రూపాయల పని. అప్పుడు నెలనెలా కార్ట్రిడ్జ్ అమ్ముడుపోదు, అది వేరే మాట.

మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే మేత ఎక్కువ వేసి ఉంటారన్నారు. ఏడు వారాలు వేసిన చిటికెడే ఆ వారమూ వేశాను. "ఇంకో సీసా పోయండి, ఒక్క రోజులో సర్దుకుంటుంది" అన్నారు. 280 రూపాయలు పెట్టి తెప్పించి మొత్తం పోశాను. వారం గడిచినా అమ్మోనియా గీత కదల్లేదు.

అప్పుడు సీసా అడుగున మిగిలిన నాలుగు చుక్కలు ల్యాబ్‌కి పట్టుకెళ్లి గ్రామ్ స్టెయిన్ చేశాను, అంటే రంగు వేసి బ్యాక్టీరియా ఏ వర్గమో చూసే పరీక్ష. మైక్రోస్కోప్‌లో ఊదా రంగు పొడుగు కడ్డీలు, కొన్నింటి మధ్యలో రంగు పట్టని తెల్లటి చుక్కలు. అంటే గ్రామ్ పాజిటివ్ వర్గం, స్పోర్లు (గట్టి పొరలో నిద్రపోయే రూపం) ఉన్నవి, చూడటానికి బాసిల్లస్ అనే రకం వాటం. స్లైడు ఒక్కటి చూసి జాతి తేల్చలేమని నాకు తెలుసు. కానీ నైట్రోసోమోనాస్, నైట్రోస్పైరా గ్రామ్ నెగటివ్, ఎర్రగా కనబడాలి. ఎర్రటిది ఒక్కటీ కనబడలేదు. బాసిల్లస్ రకాలు మిగిలిన మేతను కుళ్లబెట్టి తింటాయేమో గానీ అమ్మోనియాను నైట్రైట్ చేసే పని వాటిది కాదు. సీసా మీద ఏ బ్యాక్టీరియా ఉందో రాయలేదు, తయారీ తేదీ కూడా లేదు. స్లైడు ఫొటో జత చేశాను.

మిగిలిన నాలుగు చేపల్ని నిలబెట్టింది పాతపట్నంలో ఉన్న మా బావ. సరిహద్దు దాటితే పక్క ఊరే. ఆయన మూడేళ్ల ట్యాంకులోంచి నల్లటి స్పాంజి ముక్క కోసి, అదే ట్యాంకు నీళ్లలో ముంచి టిఫిన్ డబ్బాలో పెట్టి బండి మీద తెచ్చాడు. దాన్ని మీ ఫిల్టర్లో దూర్చాం. మేత ఆపేశాను, ముందురోజు పట్టి ఉంచిన నీళ్లతో రోజూ మూడో వంతు మార్చాను. మధ్యలో నైట్రైట్ పెరిగితే కొంచెం ఉప్పు వేశాను. పన్నెండో రోజుకి రెండు గీతలూ సున్నాకొచ్చాయి. ఇప్పుడు స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే బకెట్లో రెండుసార్లు పిండి, తిరిగి పెట్టేస్తున్నాను. మీరు పంపిన వాటిలో మిగిలిన ఒక్క కార్ట్రిడ్జ్ విప్పలేదు, వాపసు పంపడానికి సిద్ధం.

నేను అడిగేవి ఇవి. రెండు సీసాల ధర, విప్పని కార్ట్రిడ్జ్ ధర తిరిగి ఇవ్వండి. చేపల డబ్బు అడగడం లేదు. కరపత్రంలో ఆ వాక్యం తీసేసి, "స్పాంజిని, దూదిని ట్యాంకు నీళ్లలోనే తేలిగ్గా పిండండి, చిరిగితే తప్ప మార్చవద్దు, మార్చాల్సి వస్తే పాతదాన్ని కొత్తదాని పక్కనే కొన్ని వారాలు ఉంచండి" అని వేయండి. తెలుగుతో పాటు ఒడియాలోనూ వేయండి, మా వీధిలో సగం మంది అదే చదువుతారు. సీసా మీద ఏముందో, ఎప్పుడు తయారైందో రాయండి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్‌లో, సరైన వాడకం గురించి తగిన సూచనలు ఇవ్వకపోవడం కూడా తయారీదారు బాధ్యతేనని ఉంది. నేను ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చని కూడా అదే చట్టంలో ఉంది. 30 రోజులు చూసి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను.

మరొక్క మాట. జవాబు తెలుగులో రాస్తే దయచేసి మనిషి చేత రాయించండి, నాన్న కూడా చదువుతారు.

ఇట్లు,
మీ కస్టమర్

జత: బిల్లు కాపీ, కరపత్రం ఫొటో, స్లైడు ఫొటో, టెస్ట్ కిట్ ఫొటోలు రెండు.