సర్టిఫికెట్ ప్యానెల్‌కి సరే, గది సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం.

నగరంలో ఎక్కడ మంటలు లేచినా మర్నాడు పేపర్లో 'షార్ట్ సర్క్యూటే కారణం' అని ఒక ముక్క వస్తుంది, అంతటితో సరి. హెచ్‌టీ ప్యానెళ్లు (భవనానికొచ్చే హై వోల్టేజీ కరెంటును అదుపుచేసే ఇనప బీరువాలు) బిగించే పనిలో ఉన్నవాణ్ని కాబట్టి దాని వెనక సంగతి కొంచెం చెప్పాలనిపించింది.

కొండాపూర్, మాదాపూర్ వైపు టవర్లలో 11 కేవీ (11 వేల వోల్టుల) ప్యానెల్‌కి చాలాచోట్ల దక్కేది సెల్లార్లో పార్కింగ్‌కి పనికిరాని మూలే. షార్ట్ సర్క్యూటై లోపల ఆర్క్, అంటే గాలిలోంచి కరెంటు దూకే మెరుపు, పుడితే వేడి వేల డిగ్రీలకు పోతుంది, బస్‌బార్ల (కరెంటు మోసే పట్టీల) రాగి ఆవిరవుతుంది, గాలి ఒక్కసారిగా ఉబ్బి 10, 15 మిల్లీసెకన్లలోనే పైనున్న ఫ్లాప్‌ని (ఒత్తిడి వదిలే మూతని) తన్నుకుని బయటికొస్తుంది. ప్యానెల్ బతికింది, బాగానే ఉంది, మరి ఆ మండే గ్యాసు ఎక్కడికి పోవాలి? గదిలోకే కదా.

బిల్డర్ని అడిగితే ఐఈసీ 62271-200 (ఇలాంటి ప్యానెళ్లకున్న అంతర్జాతీయ ప్రమాణం) టెస్ట్ సర్టిఫికెట్ తీసి చూపిస్తాడు. ఆ టెస్టులో ప్యానెల్‌కి 30 సెంటీమీటర్ల దూరంలో నూలుగుడ్డలు పెట్టి అంటుకుంటాయేమో చూస్తారు. మంచి టెస్టే, కానీ అది ల్యాబ్‌లో, అక్కడి సీలింగ్ ఎత్తుకి చేసింది. మన దగ్గర స్లాబు కింద డక్టు, దాని కింద కేబుల్ ట్రే, సరిగ్గా ఫ్లాప్ నోటికి అడ్డంగా (ఒకచోటైతే ఫ్లాప్ మీదే పాత పెయింటు డబ్బాలు పేర్చారు!).

లెక్కేమీ బ్రహ్మవిద్య కాదు. 4 మీటర్ల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తున్న గది అనుకోండి. ఆర్క్ 10 మెగావాట్లు, అందులో సగం గాలిని వేడిచేయడానికి పోయిందంటే, మూసిన గదిలో 0.1 సెకనుకే ఒత్తిడి దాదాపు 4 కిలోపాస్కల్ పెరుగుతుంది, అంటే 2 చదరపు మీటర్ల తలుపు మీద సుమారు 800 కిలోల తోపు. నాలుగంగుళాల గోడ దీనికి ఆగుతుందని నేనైతే సంతకం పెట్టను. ఆర్క్ వెలుగును పసిగట్టి బ్రేకర్‌కి (కరెంటు తెంచే స్విచ్‌కి) ఆజ్ఞ ఇచ్చే రిలే ఉంటే, బ్రేకర్ టైముతో కలిపినా ఆ 0.1 సెకను లోపే ఆర్క్ ఆగిపోతుంది, లేకపోతే ఎంత ఆలస్యమైతే ఒత్తిడి అంత. రిలే ఉన్నా గది నుంచి బయటికి వెంట్ ఉండాల్సిందే. గ్యాసు ఏ మూలకి కొడుతుందో తేలాలంటే కంప్యూటర్ మోడల్ కావాలి, దానికి సాఫ్ట్‌వేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి, 2014లో సిగ్రే అనే అంతర్జాతీయ విద్యుత్ నిపుణుల సంస్థ వీటి మీదే 602 నంబరు టెక్నికల్ బ్రోచర్ వేసింది.

డ్రాయింగులు ఆమోదించేటప్పుడే గది ఒత్తిడి లెక్క కూడా అడగమని అధికారులకు నా విన్నపం. అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్లు ఈలోగా ఒక్కసారి కిందికి దిగి, ఫ్లాప్ ఎటు తెరుచుకుంటుందో, వాచ్‌మన్ మంచం ఆ గది తలుపు పక్కనే వేశారేమో చూసుకోండి.

— ఒక ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్, కూకట్‌పల్లి, హైదరాబాద్