సైన్సు ట్యాబ్‌ల చందా: జమా ఖర్చుల వివరణ

చెన్నై కొరుక్కుపేటలోని మన తెలుగు మీడియం ప్రాథమిక బడి పిల్లలకు ట్యాబ్‌ల మీద సైన్సు చెప్పించాలని చందా ఇచ్చిన అందరికీ నమస్కారం. జూన్ నుంచి మార్చి దాకా వచ్చిన ప్రతి రూపాయికీ లెక్క ఇది.

జమ: 112 ఇళ్ల చందాలు రూ.68,500. కిందటి ఉగాది సంబరాల్లో మిగిలినవి రూ.9,200. గుడి దగ్గర పెట్టిన డబ్బాలో రూ.4,350. మొత్తం రూ.82,050.

ఖర్చులో పెద్దది ట్యాబ్‌లదే. రిచీ స్ట్రీట్‌లో నాలుగు షాపులు తిరిగి 6 కొన్నాం, ఒక్కొక్కటి 9,500 చొప్పున రూ.57,000. కవర్లు, స్క్రీన్ గార్డులు రూ.2,700. మెమరీ కార్డులు రూ.2,400. ఛార్జింగ్ బోర్డు, ఎలక్ట్రీషియన్ కూలి రూ.1,850. తాళం వేసే పాత బీరువా రూ.3,200.

యాప్‌లకు పైసా కాలేదు. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన దీక్ష యాప్ ఉచితం. పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియో వస్తుంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ అనే, తెర మీదే చేసి చూసే సైన్సు ప్రయోగాలూ ఉచితమే. బడిలో సిగ్నల్ సరిగా అందదు కాబట్టి ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసి తీసుకెళ్తున్నాం.

ట్యాబ్‌లకని ఇచ్చిన డబ్బుతో బల్బులు, అయస్కాంతాలు ఎందుకు కొన్నారని చాలామంది అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఐదో తరగతిలో ఫెట్ మీద కరెంటు పాఠం జరిగిన రోజు మేమూ అక్కడున్నాం. తెర మీద సెల్లు, తీగ, బల్బు కలపడం పిల్లలకు రెండు నిమిషాల పని. అదే టీచరమ్మ తన టార్చి బల్బు తీసి చేతికిస్తే ఒక్కరూ వెలిగించలేకపోయారు. రెండు తీగలూ బల్బు అడుగునే ఆనిస్తున్నారు. ఒకటి అడుగు మొనకు, రెండోది పక్కనున్న లోహపు అంచుకు తగలాలని పావుగంట తంటాలు పడి వాళ్లే కనుక్కున్నారు. బల్బు వెలగగానే గదంతా చప్పట్లు! మళ్లీ ట్యాబ్ తెరిచి, తీగలో కదిలే నీలి చుక్కలు చూపిస్తే ఎలక్ట్రాన్లు ఎలా చుట్టి వస్తాయో అప్పుడు అర్థమైంది. కంటికి కనపడనిది తెర చూపిస్తుంది, కానీ వస్తువు చేతిలో ఉండాలి. అందుకే సెల్లులు, బల్బులు, తీగలు, అయస్కాంతాలు రూ.4,680కి కొన్నాం. మిమ్మల్ని ముందే అడగకపోవడం మాత్రం మా తప్పు.

వానాకాలంలో ఒక బాబు చేతిలోంచి ట్యాబ్ జారి తెర పగిలింది, రిపేరు రూ.2,600. వాళ్ల ఇంటివాళ్లు డబ్బు ఇవ్వబోయారు, మేం తీసుకోలేదు. ఆ బిడ్డ మళ్లీ ట్యాబ్ ముట్టుకోవడానికి భయపడకూడదు. టీచర్ల శిక్షణ రోజు టిఫిన్లు, కాఫీలు రూ.1,120. దీనికి బిల్లు లేదు, చేతి చీటీయే ఉంది.

మొత్తం ఖర్చు రూ.75,550. నిల్వ రూ.6,500 బ్యాంకులో ఉంది. దీంతో జూన్‌లో భూతద్దాలు కొందామనుకుంటున్నాం. ఈసారి ముందే అడుగుతున్నాం, వద్దనుకునేవారు వచ్చే ఆదివారం సాయంత్రంలోగా చెప్పండి. బిల్లులన్నీ ఆరోజు 5 గంటల నుంచి బడి వరండాలో పెడతాం.